గడియారములవాడు చేసిన ఆర్గను

దేవుని మందిరములో పాటకు తోడుగా ఒక వాద్యము కొనవలెనని సంఘము తలంచినప్పుడు పెద్దలు మొదట అడుగునది దాని వెల. అది తప్పు కాదు. కానుకల సంచిలో పడిన ప్రతి కాసు ఎవరో ఒకరి చెమట. అయితే వెలతోపాటు అడుగవలసిన ప్రశ్నలు మరికొన్ని గలవు. అవి ఏవో హామండ్ ఆర్గను చరిత్ర మనకు నేర్పుచున్నది.

లారెన్స్ హామండ్ 1895లో అమెరికా దేశమున జన్మించెను. ఆయన సంగీత విద్వాంసుడు కాడు; షికాగో నగరమున విద్యుత్ గడియారములు చేయించువాడు. అమెరికా కరెంటు క్షణమునకు 60 మారులు ఊగిసలాడును. ఆ గడియారములలోని మోటారు ఆ ఊపుతో అడుగు కలిపి, వేగము తప్పక తిరుగును. 1930వ దశకమున వ్యాపారములు కుంటుపడినప్పుడు, వేగము తప్పని ఈ మోటారుతో శ్రుతి తప్పని వాద్యము చేయరాదా అని ఆయన యోచించెను. పాత పియానో ఒకటి తెచ్చి, మెట్లు మాత్రము ఉంచి తక్కినది తీసివేసి పరిశోధన సాగించెను. తన కచేరీలో లెక్కలు చూచుచు, దేవాలయములో ఆర్గను వాయించు లాహే గారి సలహాను సిగ్గుపడక అడిగి తీసికొనెను.

ఆ ఆర్గనులో గాలి లేదు, గొట్టములు లేవు. 91 చిన్న ఉక్కు చక్రములు మోటారు బలముచే తిరుగును. వాటి అంచుల మిట్టపల్లములు అయస్కాంతము ఎదుట సాగిపోవగా తీగచుట్టలో సన్నని కరెంటు పుట్టి, పెట్టెలో స్వరమై పలుకును. 1934లో దీనికి పేటెంటు లభించెను. 1935లో అమ్మకమునకు వచ్చినప్పుడు వెల సుమారు 1,250 డాలర్లు. గొట్టముల ఆర్గనుకు వేలకొలది డాలర్లు పోయలేని చిన్న సంఘములు దీనిని సంతోషముతో కొనెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుము. మా ఆర్గను గొట్టముల ఆర్గనుకు సాటియని ఆ సంస్థ ప్రకటించుకొనెను. 1936లో ప్రభుత్వ వాణిజ్య సంఘము దానిపై అభియోగము తెచ్చెను. 1937లో షికాగో విశ్వవిద్యాలయపు ప్రార్థనాలయమున రెండు వాద్యములను చాటున వాయించి పరీక్షించిరి. నిపుణులు సైతము మూడింట ఒక వంతు పొరబడిరి. అయినను 1938లో, మితిమీరిన ఆ మాటలు మానవలెనని తీర్పు వచ్చెను. వాద్యము మంచిదే, మాటయే దానిని మించిపోయెను. మన సాక్ష్యము విషయములోను ఇట్లే జరుగుట లేదా?

తరువాత 1950వ దశకమున బి-3 అను రకము వచ్చెను. డాన్ లెస్లీ చేసిన తిరుగు కొమ్ము స్పీకరుతో కలిసి అది అమెరికాలోని నల్లజాతి సంఘములలో ఆరాధన స్వరమే ఆయెను. చక్రముల ఆర్గనుల తయారీ 1970వ దశకమున ఆగిపోయెను. కాబట్టి నేడు దొరకునవన్నియు పాతవే.

అట్టిదానిని కొనగోరువాడు ఏమి చూడవలెను? అది ఏ దేశపు కరెంటుకు చేయబడినదో మొదట అడుగుము. మన దేశమున కరెంటు ఊపు 50. అమెరికా కొరకు చేసినదానిని ఇక్కడ పెట్టిన యెడల శ్రుతి ఇంచుమించు మూడు మెట్లు దిగిపోవును. వోల్టేజి మార్చు ట్రాన్స్‌ఫార్మరు ఆ లోపమును తీర్చలేదు. రెండవది, అది బహు బరువు. పెడళ్లు, బల్లతో కలిపి నాలుగు వందల పౌనులకు పైమాట. మూడవది, ఏటేట నూనె పోసిరా అని విచారింపుము. లోపలి నూలుపోగుల వెంట నూనె ఇరుసులకు చేరును. పోగులు ఎండినచో చక్రములు బిగిసిపోవును. పైకి మెరయు పెట్టెను చూచి మోసపోకుము; సిద్దెలో నూనె లేని కన్యకల దివిటీలును పైకి చక్కనివే గదా.

కడపటి ప్రశ్న ఇది: ఈ వాద్యము వెనుక వరుసలో కూర్చున్న వృద్ధురాలి కంఠమును లేపునా, లేక అణచివేయునా? లేపునదైతే, అది హార్మోనియమైనను ఆర్గనైనను, సంఘపు కాసు వ్యర్థము కాలేదు.