వోచరు లేని సైన్సు

రక్షణ శాఖ లెక్కల విభాగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం: వోచరు చూడనిదే బిల్లు పాస్ చెయ్యకూడదు. మన బడుల్లో సైన్సు మాత్రం వోచరు లేకుండానే పాసైపోతుంది!

దీన్ని మార్చాలని 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఇప్పుడు నర్మదాపురం) 16 బడుల్లో ఒక ప్రయత్నం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ దాన్ని మొదలుపెట్టాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు ప్రయోగాలు తామే చేసి, తమకు కనిపించిందే రాసుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూడొచ్చు కూడా. 1978లో జిల్లా అంతా వ్యాపించింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు నడిపింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది.

నన్నడిగితే ఇది ఒకటో తరగతి నుంచే ఉండాలి. మూడో తరగతి చదివే మా మనవరాలు "గింజ మొలవాలంటే ఎండ కావాలి" అని వల్లె వేస్తోంది. తడిగుడ్డలో పెసలు మూటగట్టి చీకటి అలమరలో పెట్టించాను. పక్కనే తడపని పెసలు కొన్ని. రెండో రోజుకి తడిపినవి మొలిచాయి, పొడివి మొలవలేదు.

"అయితే నేను చదివింది తప్పా తాతయ్యా?"

"చూసింది నువ్వేగా, నువ్వే చెప్పు."

పేర్లూ నిర్వచనాలూ తర్వాతైనా వస్తాయి. "ఎలా తెలిసింది?" అని అడగడం ముందు నేర్పాలి. గింజ గురించి అడిగిన పిల్ల రేపు బాబాగారి విభూతి గురించీ అడుగుతుంది.