సైక్లోహెక్సేన్ రూపనిర్ణయము – భాషాసంబంధమైన కొన్ని విషయములు

ఆరు కర్బన పరమాణువులు వలయముగా కూడిన సైక్లోహెక్సేన్ అణువు యొక్క ఆకృతి తేలుటకు రసాయనజ్ఞులకు ఇంచుమించు అరువది యేండ్లు పట్టినది. ఈ ఆలస్యమునకు సాధనముల కొరత ఒక్కటే కారణము కాదనియు, విషయమును చెప్పిన భాషకు గూడ అందు పాలు కలదనియు మా యభిప్రాయము. అందుచేతనే ఈ రసాయనశాస్త్ర కథను భాషాసాహిత్య పత్రికయందు ప్రస్తావించుచున్నాము.

కర్బనము యొక్క నాలుగు బంధములు ఒకే తలమున నుండక, చతుర్ముఖి యొక్క నాలుగు మూలలకు చాచుకొని యుండునని 1874లో డచ్చివాడైన వాంట్ హాఫ్, ఫ్రెంచివాడైన లె బెల్ వేరువేరుగా ప్రతిపాదించిరి. అప్పుడు ఏ రెండు బంధముల నడిమి కోణమైనను 109 డిగ్రీల 28 నిమిషములగును. వాంట్ హాఫ్ తన చిన్నపుస్తకమును మొదట డచ్చిభాషలో ప్రకటించెను. అది 1875లో ఫ్రెంచిలోను, 1877లో జర్మనులోను వెలువడిన పిమ్మటనే పెద్ద చర్చకు ఎక్కినది.

1885లో అడోల్ఫ్ బేయర్ వలయములన్నియు బల్లపరుపుగా నుండునని తలచి లెక్కవేసెను. సమషడ్భుజి కోణము 120 డిగ్రీలు. కావున ఆరు కర్బనముల వలయమున ప్రతి బంధమును 5 డిగ్రీల 16 నిమిషములు వంగి బిగువుతో నుండవలెను. లెక్క సరియైనదే, వలయము చదునైనదన్న ఊహయే తప్పు.

ఆ తప్పును పట్టినవాడు బెర్లినులో సహాయకుడుగా నుండిన ఇరువదియెనిమిదేండ్ల హెర్మన్ సాక్సె. వలయము మడతపడినచో సహజకోణము చెడదనియు, అట్లు రెండు రూపములు సాధ్యమనియు 1890లో ఆయన వ్రాసెను. వానిని కాగితము మడచి చేసికొను విధమును గూడ తెలిపెను. నేడు కుర్చీరూపము, పడవరూపము అనబడునవి ఇవియే. 1892లో మరల వ్రాసెను, ఎవరును చెవినిడలేదు. 1893లో, ముప్పదియొకటవ యేట, మరణించెను.

ఆయన గణితభాష కఠినమగుటయే ఈ ఉపేక్షకు కారణమని సాధారణముగా చెప్పుదురు. అది సగము నిజము. రూపములు రెండైనచో పదార్థములు రెండు దొరకవలదా యని నాటివారు అడిగిరి, దొరికినది ఒక్కటే. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. సాధారణోష్ణమున ఒక కుర్చీరూపము తిరుగబడి మరియొక కుర్చీరూపమగుట సెకనుకు సుమారు లక్షమార్లు జరుగుచున్నదని నేడెరుగుదుము. నాడు దానిని చూపు సాధనము లేదు. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్-కిరణములతో వజ్రనిర్మాణమును తేల్చిరి. 1918లో ఎర్నెస్ట్ మోర్ వజ్రమునందున్నవి సాక్సె చెప్పిన కుర్చీలే యని చూపెను.

ఓస్లో విశ్వవిద్యాలయమున ఆడ్ హాసెల్ ఎలెక్ట్రాన్ కిరణముల వివర్తనమునుబట్టి ఈ విషయమును ఇంకను నిశ్చయపరచెను. అంతకుముందు జర్మన్ పత్రికలలో వ్రాసిన యాయన, జర్మనులు తన దేశమును ఆక్రమించియున్న కాలమున వానిని విడిచి, 1943లో తన ప్రధానవ్యాసమును నార్వేలోని పత్రికయందు నార్వే భాషలో ప్రకటించెను. దేశము వెలుపల దానిని చదివినవారు స్వల్పము. సాక్సె భాష కఠినమని తెలియక వ్రాసెనేమో. హాసెల్ మాత్రము తెలిసియే వ్రాసెను. ఆ యేడు అక్టోబరులోనే ఆయన నిర్బంధింపబడి, 1944 నవంబరు వరకు చెరలో నుండెను.

ఆ వ్యాసమునందలి పేర్లు మా వంటివారికి మిక్కిలి ఆసక్తికరములు. కుర్చీయందు ప్రతి కర్బనమునకును ఉదజనిస్థానములు రెండు: ఒకటి నిట్టనిలువుగాను, ఒకటి ప్రక్కకును ఉండును. వీనికి హాసెల్ ఎప్సిలాన్, కప్పా అను గ్రీకు అక్షరములనిచ్చెను. అవి నిలుచున్నది, పరుండినది అను అర్థములుగల గ్రీకు పదముల తొలియక్షరములు. 1947లో అమెరికావారు ధ్రువీయ, మధ్యరేఖీయ పదములను తెచ్చిరి. ధ్రువీయమన్నచో విద్యుద్ధ్రువములు స్ఫురించి చిక్కు కలుగును గనుక, 1953లో బార్టన్, హాసెల్, పిట్జర్, ప్రెలాగ్ నలువురును కూడి దానికి మారుగా అక్షీయపదమును సూచించిరి. అదియే నిలిచినది. వినగానే బొమ్మ కట్టుటలో నిలుచున్నది, పరుండినది అను జంటయే మేలని మాకు తోచుచున్నది.

ఈ రూపభేదమునుబట్టి స్టెరాయిడుల రసాయనిక ప్రవర్తనను వివరింపవచ్చునని 1950లో డెరెక్ బార్టన్ ఒక స్విస్ పత్రికయందు కొలది పుటలలో ఆంగ్లమున వ్రాసెను. దానితో విషయము లోకమంతట వ్యాపించినది. 1969లో బార్టన్, హాసెల్ ఇరువురును నోబెల్ బహుమానమును పంచుకొనిరి. హాసెల్ 1943 నాటి వ్యాసము ఆంగ్లములో వెలువడినది 1971లో.