ఆరో సబ్జెక్టులో ఏడు మార్కులు

బంకించంద్ర చటర్జీ బి.ఏ. తప్పాడు. అవును, వందేమాతరం రాసిన ఆయనే. 1858లో కలకత్తా యూనివర్సిటీ మొట్టమొదటిసారి బి.ఏ. పరీక్ష పెడితే, రాసినవాళ్లలో ఒక్కరూ సొంతకాళ్ల మీద గట్టెక్కలేదు. బంకించంద్రుడూ, జదునాథ్ బోసూ ఆరు సబ్జెక్టుల్లో అయిదింట్లో బాగానే నెగ్గారు. ఆరోదాంట్లో దెబ్బతిన్నారు. ఆ లోటు ఏడు మార్కులకు మించలేదు కనుక, ప్రత్యేక దయ కింద ఇద్దరికీ పట్టా ఇవ్వవచ్చునని పెద్దలు తీర్మానం చేశారు. ఆ యూనివర్సిటీకి మొదటి ఇద్దరు బి.ఏ.లు అలా తయారయ్యారు. ఆ ఏడే బంకించంద్రుడు డిప్యూటీ మేజిస్ట్రేటు అయిపోయాడు.

నా దగ్గరికి మార్క్‌షీటు పట్టుకొచ్చే పిల్లలకి ముందు ఈ కథే చెబుతాను, కాస్త ఊపిరి పీల్చుకుంటారని. నేను ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగినవాణ్ణి. ఉద్యోగమంతా పరీక్షల సెక్షన్లోనే గడిచింది. ఉండేది కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో. మా తాత సోంపేట వైపు నుంచి ఇక్కడి జనపనార మిల్లుకి కూలికొచ్చాడు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి హుగ్లీ గట్టు మిల్లులకి వచ్చిన తెలుగువాళ్లందరూ ఆ కాలంలో కాగితాల మీద ‘మద్రాసీలు’.

మా ఊరికి చరిత్ర తక్కువేమీ లేదు. సియాల్దా నుంచి రైలు 1890లో వచ్చింది. విదేశాల నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు 1897లో ఓడ దిగింది ఇక్కడే. 1914 సెప్టెంబరులో కొమగాట మారు ఓడ ప్రయాణికుల మీద తుపాకులు పేలిందీ ఇక్కడే. స్టేషనుకి ఇప్పుడు ఆ ఓడ పేరే పెట్టారు. కిరోసిన్ డిపోలొచ్చాయి, మిల్లులొచ్చాయి. డిగ్రీ కాలేజీ మాత్రం 1971 దాకా రాలేదు. అప్పటిదాకా బి.ఏ. కావాలనుకున్నవాడు తెల్లారగట్ల లోకల్ ఎక్కి కలకత్తా పోవలసిందే.

కాబట్టి మా ఇళ్లలో డిగ్రీ అనేది ఎవరో దూరంగా కూర్చుని తేల్చే వ్యవహారం. నిజానికి అందరికీ అలాగే ఉండేది. 1857 జనవరి 24న చట్టం వచ్చి పుట్టిన కలకత్తా యూనివర్సిటీ లండన్ యూనివర్సిటీ పద్ధతిలో నడిచింది. మొదట్లో అది పాఠాలు చెప్పలేదు, పరీక్షలు పెట్టింది, అంతే. చెప్పడం కాలేజీల పని, తూచడం యూనివర్సిటీ పని. తూకం కూడా మొరటుదే. అన్నీ నెగ్గితే పాసు, ఒక్కటి తప్పితే మొత్తం తప్పు. నెగ్గిన అయిదు సబ్జెక్టులు ఎక్కడా జమ అయ్యేవి కావు. పైనుంచి దయ వస్తే సరే, లేకపోతే మళ్లీ మొదటినుంచి. బంకించంద్రుడి సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ ఏడు మార్కుల మీద కంటే, ఎవరి ఖాతాలోనూ పడకుండా పోబోయిన ఆ అయిదు సబ్జెక్టుల మీదే ధ్యాస పోతుంది.

మన వైపు మద్రాసు యూనివర్సిటీ పెత్తనం. అదీ 1857దే. విజయనగరం మహారాజా కాలేజీలో చదివి గురజాడ అప్పారావు 1886లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నది దాని పరీక్షతోనే. మద్రాసు వాళ్లు ఆ శతాబ్దం ముగిసేలోగా ఒక మంచి పని చేశారు. బి.ఏ.ని ఇంగ్లిషు, రెండో భాష, ఐచ్ఛికం అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా ఒక్కోసారి నెగ్గే వీలిచ్చారు. సగం నెగ్గినవాడికి ఆ సగం మిగిలేది. అయినా ఊళ్లో లెక్క వేరు. ‘ఎఫ్.ఏ. ఫెయిల్’, ‘బి.ఏ. ఫెయిల్’ అని పేరు పక్కన రాసుకోవడం మన తాతల తరానికి తెలిసిన సంగతే. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది కానీ, నాకది తెలివైన పనే అనిపిస్తుంది. యూనివర్సిటీ జమ కట్టని చదువుని వాళ్లే జమ కట్టుకున్నారు.

కలకత్తాలో ఆ లెక్కలన్నీ కాలేజీ స్ట్రీటులో సెనేట్ హౌస్ చుట్టూ తిరిగేవి. పెద్ద పెద్ద స్తంభాలున్న ఆ భవనాన్ని 1960లో కూల్చేశారు. నేను చూసింది ఫొటోల్లోనే. నా ఉద్యోగం నాటికి ఫలితాలు గెజిట్ కాగితాలుగా కాలేజీకి వచ్చేవి. వెనకాల ఉండే అసలు సరంజామా టాబ్యులేషన్ షీట్లు. ఒకే మార్కుల్ని ఇద్దరు వేరువేరుగా ఎక్కించి, కూడి, తర్వాత పక్కపక్కన పెట్టి సరిచూసుకునే పద్ధతి. విద్యార్థికి ఆ కాగితం కనిపించదు. వాడికి తెలిసేది చివరి మాట ఒక్కటే. ఎక్కడ ఎంత తరుగు పడిందో తెలుసుకోవాలంటే మార్క్‌షీటు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి.

తర్వాత వన్ ప్లస్ వన్ ప్లస్ వన్ వచ్చింది. ఏడాదికో పార్టు, మూడు పార్టులు కలిస్తే డిగ్రీ. ఆనర్స్ సబ్జెక్టుకి 800 మార్కులు. రెండు జనరల్ సబ్జెక్టులకి 300 చొప్పున. తప్పనిసరి భాషలకి 100. మా తెలుగు పిల్లలు బెంగాలీ బదులు ఆల్టర్నేటివ్ ఇంగ్లిషు పెట్టుకునేవారు. ఫస్ట్ క్లాసా సెకండ్ క్లాసా అన్నది తేల్చేది ఆ 800 మాత్రమే. దాంతో పిల్లలు ఆనర్స్ పుస్తకం ఒక్కటే తెరిచేవారు, జనరల్ సబ్జెక్టుని పరీక్ష ముందు వారం గుర్తుచేసుకునేవారు. ఆనర్స్‌లో అరవై శాతం తెచ్చుకుని పొలిటికల్ సైన్సు జనరల్లో చతికిలపడి, డిగ్రీ ఆగిపోయిన వాళ్లు నా బల్ల ముందు ఎంతమంది నిలబడ్డారో. “అదేంటి కాకూ, ఫస్ట్ క్లాస్ వచ్చిందిగా!” అని అడిగేవారు. వచ్చింది. కానీ క్లాసు వేరు, డిగ్రీ వేరు. ఒకటి ఎంత బాగా చదివావన్న లెక్క, రెండోది అన్నీ పూర్తిచేశావా అన్న లెక్క. ఈ రెండూ ఒకటే అనుకోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇంకో తమాషా కూడా ఆ మార్క్‌షీటులోకి ఎక్కింది. పర్యావరణ చదువు. లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరులో చెప్పిన మాట పట్టుకుని, యూజీసీ దేశంలోని డిగ్రీ పిల్లలందరికీ దాన్ని తప్పనిసరి చేసింది. చరిత్ర చదివేవాడి కాగితంలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ అనే గడి ఎందుకుందంటే, కారణం యూనివర్సిటీలో లేదు, ఢిల్లీలో ఒక తీర్పులో ఉంది. అందుకే అంటాను, డిగ్రీ కాగితంలో ప్రతి గడి వెనకా ఎవరిదో ఒక పట్టుదల ఉంటుందని.

ఇప్పుడు అందరూ వల్లించే క్రెడిట్ అనేదీ అలా ఎక్కడో పుట్టి వచ్చిందే. హార్వర్డ్‌లో 1869 నుంచి నలభై ఏళ్లు ప్రెసిడెంటుగా చేసిన చార్లెస్ ఎలియట్, ఎవరికి నచ్చిన సబ్జెక్టు వాళ్లు ఎంచుకోవచ్చన్నాడు. ఎంచుకోనిస్తే ఇద్దరు విద్యార్థుల చదువు ఒకేలా ఉండదు. ఒకేలా లేనివాటిని పోల్చడానికి ఒక కొలత కావాలి. ఆ కొలతని స్థిరపరిచింది మాత్రం చదువు గురించిన ఆలోచన కాదు, పింఛను డబ్బు. ఆండ్రూ కార్నెగీ 1905లో ప్రొఫెసర్ల పింఛన్లకి కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ పింఛను కావాలంటే మీ కాలేజీలో చేరే పిల్లలు హైస్కూల్లో ఇన్ని యూనిట్లు చదివి ఉండాలని ఆ ఫౌండేషన్ షరతు పెట్టింది. యూనిట్ అంటే ఇన్ని గంటలు తరగతిలో కూర్చోవడం. గంటల్ని బట్టి చదువుని కొలవడం అక్కడ వేళ్లూనుకుంది. మిల్లులో షిఫ్టుల లెక్క చూసి పెరిగినవాణ్ణి కనుక నాకది వింతగా తోచలేదు.

ఆ తర్వాత అమెరికాలో గడులు పెరిగిపోయి, సలహాదారులకే తల తిరిగింది. 1980లలో ఒహాయో రాష్ట్రంలోని మయామీ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్‌తో ఆ పని చేయించారు. ఏం పూర్తయింది, ఏం మిగిలింది, ఏ కోర్సు ఏ గడిలో పడింది, అన్నీ అదే చూసి చెబుతుంది. ఇవాళ డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ చదివే మనవాళ్ల పిల్లలు ‘డిగ్రీ ఆడిట్’ అనేది దాన్నే. సెమిస్టరుకి ఒకసారైనా తీసి చూసుకోకపోతే గ్రాడ్యుయేషన్ ముందు గుండె గుభేలుమంటుందని చెబుతారు.

మా వైపు కలకత్తా యూనివర్సిటీలో క్రెడిట్లు 2017లో బి.కామ్.కీ, 2018లో బి.ఏ., బి.ఎస్సీ.లకీ వచ్చాయి. యూజీసీ ఇచ్చిన చట్రమే. ఆనర్స్‌కి మొత్తం 140 క్రెడిట్లు. కోర్ పేపర్లు పద్నాలుగు, ఒక్కోటి ఆరు క్రెడిట్లు. అంటే 84. ఆనర్స్ సబ్జెక్టులోనే ఎంచుకునే పేపర్లు నాలుగు, 24. వేరే సబ్జెక్టు నుంచి తీసుకునే జెనెరిక్ పేపర్లు నాలుగు, ఇంకో 24. మిగిలిన ఎనిమిదీ రెండేసి క్రెడిట్ల చిన్న పేపర్లు నాలుగు. భాష ఒకటి, పర్యావరణం ఒకటి, స్కిల్ పేపర్లు రెండు. సెమిస్టర్ల వారీగా చూస్తే 20, 20, 26, 26, 24, 24.

మా వీధిలో ఒక పిల్ల ఆ బ్యాచ్‌ది. నాన్న మిల్లులో బదిలీ కూలి. ఆరు సెమిస్టర్ల మార్క్‌షీట్లూ తెచ్చి నా ముందు పరిచింది.

“ఇదేటి తాతా, సగటు ఏడు పాయింట్ల పైనుంది కదా, పాసవనట్టేనా?”

“నువ్వు సగటు చూత్తన్నావు. వరస చూడు.”

మూడో సెమిస్టరులో స్కిల్ పేపరు పోయింది. రెండు క్రెడిట్లు. తనకది గుర్తే ఉంది, కానీ తర్వాత సెమిస్టర్లలో మంచి మార్కులొచ్చాయి కదా, అవి దీన్ని పూడ్చేశాయనుకుంది. ఆ తప్పు అందరూ చేసేదే, ఎందుకంటే సగటు కట్టే పద్ధతే అలా అనిపించేలా ఉంది. ఆరు క్రెడిట్ల పేపర్లో గ్రేడు పాయింటు 8 వస్తే 48 పడతాయి. రెండు క్రెడిట్ల పేపర్లో 5 వస్తే పడేవి పదే. అన్నీ కూడి క్రెడిట్ల మొత్తంతో భాగిస్తే ఆ చిన్న పేపరు సగటుని కదపనైనా కదపదు. డిగ్రీ దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. అక్కడ 138 కీ 140 కీ ఉన్న తేడాని ఏ కోర్ పేపరూ పూడ్చదు. ఒక గడిలో పొంగిపోయినది పక్క గడిలోకి పారదు. నాన్న పీఎఫ్ పాస్‌బుక్ గుర్తుచేసి చెప్పాను: ఈ నెల ఎక్కువ జమ పడిందని, ఎప్పుడో జమ పడని నెల దానంతటదే నిండదు కదా అని. ఆ మాట వాళ్ల ఇంట్లో అందరికీ వెంటనే అర్థమైంది.

అయితే ఇక్కడ బంకించంద్రుడి కంటే ఈ పిల్ల అదృష్టవంతురాలు. నెగ్గిన 138 ఎవరూ లాక్కోరు. ఎవరి దయా అక్కర్లేదు. మూడో సెమిస్టరు పరీక్షలు మళ్లీ జరిగినప్పుడు ఆ ఒక్క పేపరు రాస్తే చాలు. ఖర్చయ్యేది కాలం. బేసి సెమిస్టరు పేపరు బేసి సెమిస్టర్ల కాలంలోనే వస్తుంది, రిజిస్ట్రేషన్‌కి గడువూ ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరులో మొదటి మూడంకెలు కాలేజీవి, చివరి రెండంకెలు చేరిన ఏడాదివి. పాత గుమాస్తాలం కాగితం చేతికి రాగానే ముందు ఆ చివరి రెండంకెలు చూస్తాం, ఎంత కాలం మిగిలిందో తెలియడానికి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పాత రోజుల్లో ఈ కాపలా అంతా ఆఫీసుది. ఎవరికేం మిగిలిందో బడాబాబు, అంటే హెడ్ గుమాస్తా, రిజిస్టరు చూసి కబురు పెట్టేవాడు. ఇప్పుడు వెలుగంతా విద్యార్థి ఫోనులోకి వచ్చింది, బాధ్యతా దాంతోపాటే వచ్చింది. ఇంట్లో చదువుకున్నవాళ్లున్న పిల్లలకి అది సదుపాయం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకి ఆ సంక్షిప్తాక్షరాలు చదివి చెప్పేవాడు కావాలి. ఆ మనిషి జీతం ఏ బడ్జెట్టులోనూ లేదు.

2023 నుంచి మళ్లీ కొత్త చట్రం. ఇక్కడా అదే, ఆంధ్రలోనూ సింగిల్ మేజర్ అంటూ ఆ ఏడే మొదలైంది. యూజీసీ లెక్క ప్రకారం మూడేళ్లకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మేజర్, మైనర్, విలువల కోర్సు, ఇంటర్న్‌షిప్, ఇలా గడులు ఇంకా పెరిగాయి. 2021 జూలైలో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఇవి జమ పడతాయి, ఏడేళ్ల దాకా చెల్లుతాయి. ఏడాదికి మానేస్తే 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండేళ్లకి మానేస్తే 80తో డిప్లొమా. రెంటికీ అదనంగా నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు ఒకటి వేసవిలో చెయ్యాలి. 1970లలో, పార్ట్ వన్ రెండేళ్లకి ఉన్న రోజుల్లో, అది గట్టెక్కి, నాన్న మంచాన పడితే మిల్లులో చేరిపోయినవాళ్లు మా లైన్లలో ఉన్నారు. వాళ్ల రెండేళ్ల చదువుకి ఆ మార్క్‌షీటు తప్ప పేరే లేదు. ఇప్పుడు పేరొచ్చింది, మంచిదే. కానీ మిల్లు గేటు దగ్గరా, నూనె డిపోల దగ్గరా ఇంకా అడిగేది “డిగ్రీ ఉందా, లేదా” అనే. ఆ డిప్లొమాని చదవడం వాళ్లకి ఎవరు నేర్పుతారో చూడాలి.

పోయిన నెల రెండో ఏడాది కుర్రాడొకడు చదువు ఆపేస్తానని వచ్చాడు. ఆపడం, ఆపకపోవడం తర్వాత మాట్లాడదాం, ముందు నీ ఫోనులో క్రెడిట్ల ఖాతా తెరువు అన్నాను. తెరిచాడు. మూడు సెమిస్టర్లే ఉన్నాయి, రెండోది కాలేజీ వాళ్లు ఇంకా ఎక్కించలేదు. అది ఎక్కేదాకా పేరు తీయించుకోవద్దని చెప్పి, అర్జీ రాసిచ్చి పంపాను.