మాటలు పుట్టించిన పింగళి

పింగళి నాగేంద్రరావు గారి పేరు చెప్పగానే ఎవరికైనా 'మాయాబజార్' గుర్తొస్తుంది, ఆ వెంటనే 'పాతాళభైరవి'. ఇది అందరికీ తెలిసిందే. మనబోటివాళ్ళు ఆయన్ని తలుచుకోవటానికి వేరే కారణం కూడా ఉంది. (ప్రవాసాంధ్రులం అనటం నాకు నచ్చదు. నాలుగైదు తరాలుగా ఉన్నచోటనే ఉన్న వాళ్ళకు ప్రవాసమేమిటి?)

ఆయన 1901 డిసెంబరు 29న బొబ్బిలి దగ్గర రాజాంలో పుట్టారు. పెరిగింది, చదివింది బందరులో. ఆంధ్ర జాతీయ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగ్ నేర్చుకుని, ఖరగ్‌పూర్ వెళ్ళి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో చేరారు. ఆ రైల్వే పుణ్యమా అని ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిపోయిన ఊరది. ఆయన మాత్రం అక్కడ ఉండిపోలేదు. బెంగాలీ నాటకం మీద మక్కువ పెంచుకుని, ద్విజేంద్రలాల్ రాయ్ రాసిన 'మేవాడ్ పతన్', 'పాషాణి' నాటకాలను తెలుగు చేశారు. తరవాత బందరులో కృష్ణాపత్రిక కొలువు, డి.వి. సుబ్బారావు గారి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీ. 'జేబున్నీసా', 'వింధ్యరాణి', 'నా రాజు' ఆ కాలపు నాటకాలే.

సినిమా ఆయనకు ఆలస్యంగా దక్కింది. తొలి ప్రయత్నం అంతగా కలిసిరాక మళ్ళీ నాటకాలకే వెళ్ళారు. 1948లో 'వింధ్యరాణి' తెరకెక్కింది, 1949లో కె.వి. రెడ్డి గారి 'గుణసుందరి కథ' వచ్చింది. అప్పటికాయనకు నలభై ఎనిమిదేళ్ళు. మరొకరైతే ఉద్యోగ విరమణ గురించి ఆలోచించే వయసు. 1951లో విజయా వారి 'పాతాళభైరవి'తో ఆయన మాట జనం నోట పడింది. 'డింభకుడు' అంటే సంస్కృతంలో పిల్లవాడని నిఘంటువు చూస్తే తెలుస్తుంది. మాంత్రికుడి వేషంలో ఎస్.వి. రంగారావు గారు పలికాక దానికి నిఘంటువు అవసరం లేకపోయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. విజయా వారి సినిమాలన్నిటికీ పింగళే మాటలు రాశారని చాలామంది అనుకుంటారు. 'మిస్సమ్మ' (1955) సంభాషణలు చక్రపాణి గారివి, 'గుండమ్మ కథ' (1962) సంభాషణలు డి.వి. నరసరాజు గారివి. ఆ రెండింటిలో పింగళివి పాటలు. పెళ్ళి చేసుకోకుండా బతికిన మనిషి వెన్నెల మీద, ప్రణయ కలహాల మీద అంత మురిపెంగా ఎలా రాశాడా అని ఆశ్చర్యపోయే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మదరాసు మనకు దక్కలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆ తరవాత అయిదు నెలలు తిరక్కుండానే, 1957 మార్చి 27న, 'మాయాబజార్' విడుదలైంది. తెలుగువాళ్ళు తమ ఇంటి సొత్తుగా చెప్పుకునే ఆ సినిమా అప్పటికి పరాయి రాష్ట్రమైపోయిన ఊళ్ళో, వడపళనిలో తయారైంది. తమిళంలోనూ తీశారు. ఘటోత్కచుడు రెండింటిలోనూ రంగారావు గారే. అభిమన్యుడు మాత్రం ఇక్కడ నాగేశ్వరరావు, అక్కడ జెమినీ గణేశన్. తమిళంలో మాటలు రాసింది తంజై రామయ్యదాస్.

ఆ సినిమాలో రాక్షసుల నోట సంయుక్తాక్షరాలు పలకవు. 'అస్మదీయులు' కాస్తా 'అసమదీయులు' అవుతుంది. మనవాళ్ళు అసమదీయులైతే అవతలివాళ్ళు తసమదీయులు. వ్యాకరణం తెలిసినవాడు చెవులు మూసుకోవాలి. రాక్షసరాజు మాత్రం మురిసిపోయి, కొత్త మాట కనిపెట్టిన వాడికి వీరతాడు వేయిస్తాడు. గిల్పం, గింబళి కూడా అలా పుట్టినవే. కంబళిని కంబళిగా ఉండనివ్వకుండా దానికొక తోడు తెచ్చిపెట్టటం తెలుగు ఇళ్ళలో రోజూ జరిగే పనే: పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ. పింగళి ఆ 'గి'ని విడదీసి దానికి కూడా ఒక వస్తువును చూపించారు. వర్క్‌షాపులో యంత్రాలు విప్పి బిగించిన చెయ్యి కదా అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

ఒత్తులు విరగ్గొట్టి పలకటం మన ఇళ్ళలో పిల్లలకు అలవాటే. బళ్ళో తమిళమో, కన్నడమో, ఒడియానో చదువుకుని ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడే పిల్ల ఎండాకాలం సెలవులకు బెజవాడ వెళ్తే, అక్కడి చుట్టాలు దాని మాట విని నవ్వుతారు. "ఇదేం తెలుగే?" అని దిద్దుతారు. పిల్ల ఆ తరవాత వాళ్ళ ముందు నోరు విప్పదు. కొన్నాళ్ళకు ఇంట్లో కూడా విప్పదు. నవ్విన ఆ చుట్టాలే సాయంత్రం టీవీలో 'మాయాబజార్' వస్తే కుర్చీ ముందుకు లాక్కుని, అసమదీయులు, తసమదీయులు అంటూ పాత్రల కంటే ముందే అప్పజెప్తారు. విరిగిన ఒత్తు రాక్షసుడి నోట ముద్దయింది, మన పిల్ల నోట తప్పయింది.

పింగళి 'జగదేకవీరుని కథ' (1961), 'మహామంత్రి తిమ్మరుసు' (1962), 'శ్రీకృష్ణార్జున యుద్ధము' (1963) దాకా అదే ఊపుతో రాశారు. 1971 మే 6న కన్నుమూశారు. మరో ఆరేళ్ళకు, 1977లో, ఎన్.టి. రామారావు గారి 'చాణక్య చంద్రగుప్త' విడుదలైంది. అందులోనూ మాటలు పింగళివే.