మోటుపల్లి అభయశాసనం: విషయనిర్మాణం, సూచక పదాలు

సమాచార ప్రధానమైన రచనలో విషయం ఏ క్రమంలో అమరిందో తెలిపే పదాలను సూచక పదాలు అనవచ్చు. ‘కావున’ కార్యకారణ సంబంధాన్ని, ‘కాని’ వ్యతిరేకాన్ని, ‘పిమ్మట’ కాలక్రమాన్ని, ‘తప్ప’ మినహాయింపును సూచిస్తాయి. శాసనాలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించేటప్పుడు రాజుల పేర్లమీద, తేదీలమీద, దానాల పరిమాణాలమీద నిలిచినంత దృష్టి ఈ చిన్న పదాలమీద నిలవదు. అయితే శాసనం నిజంగా ఏమి చెప్పిందన్నది చాలాచోట్ల వీటినిబట్టే తేలుతుంది. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనం ఇందుకు తగిన నిదర్శనం.

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రముఖ రేవు. గణపతిదేవుడు శకవర్షం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, సముద్ర వర్తకులకు అభయమిస్తూ ఇక్కడ శాసనం వేయించాడు. హుల్చ్ దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించారు.

అభయాన్ని ప్రకటించే భాగం ప్రధానంగా ‘పూర్వం’, ‘ఇప్పుడు’ అనే రెండు కాలాల భేదంమీద నిర్మితమైంది. ఒక దేశంనుండి మరొక దేశానికి సాగే ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్నీ పూర్వరాజులు బలాత్కారంగా తీసుకొనేవారు. తామో, ప్రాణంకంటె ధనమే మిన్న అని తలచి సముద్రయాత్రకు సాహసించినవారిపట్ల దయతో, కీర్తికొరకు, ధర్మంకొరకు, నిర్ణీత సుంకం మినహా తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు.

ఈ వాక్యంలో నిర్ణాయకమైనది మినహాయింపు. దానిని వదలి చదివితే శాసనం కేవలం రాజు ఔదార్యానికి ప్రశస్తిగా మిగులుతుంది. దానితో కలిపి చదివితే రద్దయినది సుంకం కాదని, జప్తు మాత్రమేనని స్పష్టమవుతుంది. అపరిమితమైన రాజాధికారం స్థానంలో ముందుగా తెలిసిన ఒక పరిమితి ఏర్పడింది. వర్తకునికి లభించిన అభయం, రాజ్యానికి లభించే ఆదాయం ఒకే వాక్యంలో ముడిపడ్డాయి. ‘పూర్వరాజులు’ అన్న పదం విషయంలోనూ జాగ్రత్త అవసరం. అక్కడ ఏ వంశం పేరూ లేదు. కనుక అది మొదట వ్యతిరేకతను నిలిపే సూచక పదం. ఒక నిర్దిష్ట రాజవంశంపై ఆరోపణకు దానినొక్కదానినే ఆధారంగా తీసుకోరాదు.

తరువాతి భాగంలో నిర్మాణం మారుతుంది. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒక వంతు అన్న సామాన్య నియమం మొదట వస్తుంది. ఆపైన వస్తువులవారీ పట్టిక ఉంటుంది. గంధానికి తూకాన్నిబట్టి, కర్పూరానికీ ముత్యాలకూ విలువనుబట్టి, పట్టుకు మూటనుబట్టి, పోకలకు లక్షల లెక్కనుబట్టి సుంకం నిర్ణయమైంది. ఇక్కడ సంధానపదాల అవసరం లేదు. వస్తువు, కొలత, సుంకం అన్న క్రమం మళ్లీమళ్లీ రావడమే పట్టికకు సూచకం.

తెలుగు గద్యానికి సంబంధించిన ఒక విశేషాన్ని కూడా ఇక్కడ గమనించాలి. ఓడ బయలుదేరడంనుండి ఒడ్డుకు చేరడందాకా గల కాలక్రమాన్ని తెలుగు అసమాపక క్రియలతో చెబుతుంది, షరతును క్రియారూపంతో చెబుతుంది, ప్రయోజనాన్ని ‘కొరకు’ వంటి విభక్తి ప్రత్యయాలతో చెబుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్కొన్న రూపాలు వ్యాకరణ విభాగాలే కాక విషయనిర్మాణ సాధనాలు కూడా. స్వతంత్ర పదాలను మాత్రమే జాబితా చేసే పద్ధతి తెలుగు శాసనగద్యానికి చాలదు.

కాబట్టి శాసనంనుండి సుంకాల అంకెలను గ్రహించినంత శ్రద్ధగా వాటిని కలిపే పదాలనూ ప్రత్యయాలనూ గ్రహించాలి. మోటుపల్లి శాసనంలో అంకెలు సుంకం ఎంతో చెబుతాయి. రాజు దేనిని వదులుకున్నాడో, దేనిని వదులుకోలేదో చెప్పేది మాత్రం ఆ మినహాయింపే.