ఖిల్లా కింద కథ, బొగ్గుట్ట కింద చరిత్ర

ఖమ్మం ఖిల్లా మెట్లెక్కే వాళ్లకు ఎవరో ఒకరు ఈ మాట చెప్పి తీరతారు: "ఇక్కణ్నుంచి ఓరుగల్లు కోటకు సొరంగం ఉంది." చెప్పేవాళ్లను బట్టి అందులో గుర్రాలు పరుగెత్తుతాయి, రాణివాసం తప్పించుకుపోతుంది, బంగారం రాశులు పోసి ఉంటుంది. పూడిపోయిన ప్రతి గుంతా, మూసేసిన ప్రతి నేలమాళిగా ఆ సొరంగానికి నోరే. ఊచలు అడ్డంపెట్టి లోపలికి పోవద్దన్న చోట కథకు ఇంకాస్త బలం వస్తుంది. గోల్కొండ నుంచి చార్మినారుకు ఉందనే సొరంగం సంగతీ ఇంతే. తాతల నాటినుంచి చెప్పుకుంటున్నాం, దారి మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఇంత గట్టిగా నిలిచిన కథ ఊరికే పుట్టదు. ఖిల్లా ఎప్పుడూ సైన్యం ఉండే చోటు. పునాది క్రీ.శ. 950 ప్రాంతంలో పడిందని, నిధి దొరికిన రెడ్డి సోదరులు ఆ బంగారంతోనే కట్టించారని స్థానికంగా చెప్పుకుంటారు. అంటే కోట పుట్టుకలోనే భూమిలోని ధనం ఉంది. ఆ తర్వాత ఇది కాకతీయుల ఏలుబడిలో నడిచింది. 16వ శతాబ్దంలో షితాబ్ ఖాన్‌గా పేరుపడ్డ సీతాపతి నుంచి సుల్తాన్ కులీ కుతుబ్ షా చేతికొచ్చింది. అసఫ్‌జాహీల కాలంలో జాఫరుద్దౌలా దీన్ని బాగుచేయించాడు. ఇన్ని చేతులు మారిన కోటలో దిడ్డి దారులు, మందుగుండు గదులు, నీళ్లు పోయే తూములు ఉండక తప్పదు. వాటి ఆనుపానులు కాపలా సిపాయిలకు తప్ప ఊరివాళ్లకు తెలియనివ్వరు. సైన్యం వెళ్లిపోయింది, దాచిపెట్టే అలవాటు మాత్రం కథగా మిగిలింది.

నన్నడిగితే ఖిల్లాలో కిందికి దిగి చూడాల్సింది జాఫర్ బావిని. మెట్లు దిగి నీటిదాకా వెళ్లే బావి అది. ముట్టడి నెలల తరబడి సాగితే కోటను నిలబెట్టేది నీళ్లే, పారిపోయే దారి కాదు. ఏళ్లపాటు చెత్తతో నిండిపోయిన ఈ బావిని ఇటీవలే శుభ్రంచేసి బాగుచేశారు. కానీ జనం అడిగేది మళ్లీ సొరంగం గురించే.

ఆ సొరంగాన్ని ఒకసారి కొలుద్దాం. ఖమ్మానికీ ఓరుగల్లు కోటకూ మధ్య గీత గీసినట్టు కొలిచినా దాదాపు వంద కిలోమీటర్లు. దారిలో గట్టి నల్లరాయి, పైన ఏర్లు, చెరువులు. ప్రపంచంలోకెల్లా పొడవైన రైలు సొరంగం, స్విట్జర్లాండ్‌లోని గోథార్డ్, 57 కిలోమీటర్లు. అందులో రాకపోకలు 2016లో మొదలయ్యాయి. మన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం 44 కిలోమీటర్లకు కాస్త తక్కువ. పెద్ద పెద్ద యంత్రాలు పెట్టి ఏళ్ల తరబడి తవ్వుతున్నా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపలే చిక్కుకుపోయారు. గాలి ఎలా పంపాలి, ఊరే నీటిని ఎలా తోడాలి, పైకప్పును ఏం పెట్టి ఆపాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా భూమిలో వంద గజాలు పోవడమే గండం.

ఈ మూడు ప్రశ్నలకూ రోజూ జవాబు వెతుక్కున్న మనుషులు ఇదే నేలమీద ఉన్నారు. ఖమ్మం నుంచి భద్రాచలం అడవివైపు నడిస్తే మధ్యలో ఇల్లందు. పాతకాలపు వాళ్లు దాన్ని బొగ్గుట్ట అంటారు. భద్రాద్రి రాముడి దర్శనానికి పోతున్న యాత్రికులు అక్కడ ఆగి, మూడు నల్లరాళ్లు పెట్టి వంట మొదలుపెడితే రాళ్లే అంటుకున్నాయని కథ. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండ్‌లో ఏర్పడ్డ హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో తొలి గని మొదలైంది. 1920 డిసెంబరులో పక్క ఊరి పేరుతో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని సొంతం చేసుకుంది.

ఉమ్మడి ఖమ్మం నేలకింద నిజమైన సొరంగాలు ఇవి. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తవ్వుకుంటూ పోతారు. మధ్యలో బొగ్గునే దిమ్మెలుగా వదిలేస్తారు, పైకప్పు వాటిమీద నిలుస్తుంది. చివరికి ఆ దిమ్మెలను కూడా తీసుకుంటూ వెనక్కి వస్తారు. ఖాళీ అయిన చోట ఇసుక నింపుతారు, లేదా పైకప్పును కూలనిస్తారు. తట్టా చెమ్మస్ (పార) పట్టి బాయిలోకి, అంటే గనిలోకి, దిగిన మనిషికి పైకప్పుకు ఆసరాగా నిలిపిన కట్టెదిమ్మె చప్పుడు మారితే చాలు, ఎటు జరగాలో తెలిసిపోయేది. ఏ రాజూ తవ్వించనన్ని దారులను కూలివాళ్లు చేతుల్తో తవ్వారు. రాణుల గుర్రాల గురించి అంత ముచ్చటగా చెప్పుకునే మనం వీళ్ల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటాం!

మూతపడిన గనుల్లోకి ఎవరినీ పోనివ్వరు. అక్కడి కట్టుబాటుకు కారణం రహస్యం కాదు, ప్రాణం. పాత బాయిల్లో గాలి చచ్చిపోయి ఉంటుంది. మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనిపించవు. మిగిలిన బొగ్గు తనంత తానే వేడెక్కి అంటుకోవచ్చు. అన్నిటికన్నా నీరు భయంకరం. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు.

కథల సొరంగం కూడా నష్టం చేస్తుంది. గుప్తనిధుల ఆశతో గునపాలు పట్టుకొచ్చే వాళ్లు తెలంగాణ అంతటా గుడులను, కోటగోడలను పెళ్లగించారు. పల్లెల్లో ఎన్నో శివాలయాల్లో లింగం కింద తవ్విన గోతులు కనిపిస్తాయి. భూమిలో దొరికిన నిధి గురించి 1878 నాటి చట్టం ఉన్నా, అమావాస్య రాత్రి గునపాన్ని అది ఆపలేకపోతోంది. ఖిల్లా గోడలో ఒక్క రాయి కదిలితే దాని వెనక దొరికేది మట్టే. పోయేది మాత్రం వందల ఏళ్ల కట్టడం.

భూమికింది దారులను జాగ్రత్తగా కాపాడుకున్న చోట్లూ ఉన్నాయి. పారిస్ నగరం కింద పాత రాతిగనుల దారులున్నాయి. ఇళ్లు కుంగడం మొదలయ్యాక 1777లో వాటిని కొలిచి, పటాలు గీసి, బలపరచడానికే ఒక శాఖ పెట్టారు. 1955 నుంచి సామాన్యులను ఆ దారుల్లోకి రానివ్వడం లేదు, చూడటానికి వీలుగా సిద్ధంచేసిన కొంత భాగం తప్ప. పోలండ్‌లోని వియెలీచ్కా ఉప్పుగనిని 1978లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఏటా లక్షల మంది దిగి చూస్తారు.

ఇల్లందులో ఇప్పుడు బొగ్గు ఎక్కువగా ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. కిందికి దిగకుండా పైనుంచే నేలంతా ఎత్తిపోస్తారు, దాంతో పాత దారులు కూడా పోతాయి. అందుకే తొలి గనుల పటాలను జనం చూసేలా ఇల్లందులోనే ఒకచోట పెట్టాలి. ఒక పాత గని ముఖద్వారాన్ని, కొద్దిపాటి దారిని బలపరిచి, గాలి ఆడేలా చేసి, బడిపిల్లలను తీసుకెళ్లి చూపించాలి. జాఫర్ బావిలో పూడిక తీయగలిగినవాళ్లం ఇదీ చేయగలం. బాయి పనిచేసి రిటైరైన కార్మికులు ఇల్లందు, కొత్తగూడెం కాలనీల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు మాట్లాడగలిగినప్పుడే ఎవరైనా రికార్డర్ పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాలి.