కడలి దాటిన కొలువులు

ఒక దేశపు పని మరియొక దేశమునకు తరలిపోవుట ఈ కాలపు వింతయని పలువురు తలంతురు. తెలుగువారమగు మనకు అది క్రొత్త కథ కాదు. 17వ శతాబ్దిలో మచిలీపట్టణపు అద్దకపు వస్త్రములు ఓడలపై ఇంగ్లండు చేరి, అచ్చటివారి మనసు దోచినవి. అచ్చటి పట్టు, ఉన్ని నేతగాండ్రకు పని తగ్గెను. 1719లో లండను నేతగాండ్రు వీథుల కెక్కి, ఇట్టి వస్త్రములు ధరించిన స్త్రీలను అవమానించిరి. పార్లమెంటు 1700లోను, 1721లోను నిషేధ శాసనములు చేసెను. నూరేండ్లు గడచుసరికి చక్రము తిరుగబడెను. లాంకషైరు మరగుడ్డ మన యంగళ్ళను నింపగా, మన మగ్గమునకు ఆదరువు తగ్గెను. మగ్గమునే నమ్ముకొన్న తెలంగాణపు పద్మశాలీ కుటుంబములనేకము బ్రతుకుతెరువు వెదకికొనుచు షోలాపురము, భివండి పట్టణములు చేరినవి.

నేడు తరలుచున్నది వస్త్రము కాదు, బుద్ధిబలము. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా సంస్థ బెంగుళూరులో కార్యాలయమును తెరచి, ఇచ్చటి ఇంజనీర్ల పనిని ఉపగ్రహ మార్గమున స్వదేశమునకు అందుకొనసాగెను. ఓడ లేదు, రేవు లేదు. అచ్చటి జీతములో కొంత భాగముతోనే ఇచ్చట నేర్పరి దొరకుట దీనికి మూలము. 2000 సంవత్సరము సమీపించిన కొలది, ఏటిని రెండంకెలతోనే గుర్తించు కంప్యూటర్లను సరిదిద్దుటకు వేలాది మంది కావలసివచ్చిరి. ఆ పనిలో పెద్ద భాగము మన నగరములకు వచ్చెను. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ వెలసెను. అమెరికావారి ఫోనులకు బదులు చెప్పు మన యువకులకు రాత్రులు పగళ్ళయ్యెను.

దీని రాజకీయ ఫలము 2004లో రెండు తీరములందును కానవచ్చెను. ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుని ఆర్థిక సలహా మండలికి అధిపతియగు గ్రెగరీ మాన్‌క్యూ, ఇట్లు పనులు తరలుట దీర్ఘకాలమున దేశమునకు లాభమే యనెను. స్వపక్షమువారు సైతము ఆయనను తప్పుపట్టిరి. అధ్యక్ష పదవికి పోటీచేయుచున్న జాన్ కెర్రీ ఇట్టి సంస్థల అధిపతులను దేశద్రోహులతో పోల్చెను. ఆర్థికవేత్త లెక్క లెక్కగా సరియే కావచ్చును. కాని లాభము కోట్లమందికి కొద్దికొద్దిగా పంచబడును. నష్టము ఒక్కొక్క ఇంటిపై పిడుగై పడును. ఆ మే నెలలోనే, ఈ పనులను ఆహ్వానించి పేరొందిన చంద్రబాబునాయుడుగారు ఆంధ్రప్రదేశమునందును, ఎస్. ఎం. కృష్ణగారు కర్ణాటకమునందును అధికారమును కోల్పోయిరి. కారణములు పెక్కు, వానలు లేక ఎండిన చేలు వానిలో ముఖ్యము. పని పోయిన చోటను అసంతృప్తియే, వచ్చిన చోటను అసంతృప్తియే!

బెంగుళూరునకు పనితో పాటు నలుదెసలనుండి జనము వచ్చిరి. ఇంటి అద్దెలు పెరిగినవి. ఈ కొలువులు ఎవరివను ప్రశ్న పుట్టెను. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గము, ప్రైవేటు సంస్థల నిర్వాహక పదవులలో నూటికి 50, ఇతర కొలువులలో నూటికి 70 స్థానికులకే చెందవలెనను బిల్లును ఆమోదించి, సంస్థలు అభ్యంతరము తెలుపగా కొలది దినములలోనే నిలిపివేసెను. ఇచ్చట పుట్టి, 15 ఏండ్లు నివసించి, కన్నడమున మాట్లాడ, చదువ, వ్రాయ నేర్చినవారే దానిలో స్థానికులు. కన్నడ బడిలో చదివిన మన బిడ్డలు ఆ నిర్వచనమున ఒదుగుదురు. నిన్న రైలు దిగిన తెలుగు యువకుడు ఒదుగడు. మనము ఎవరి పక్షము?

మాకు తోచినది విన్నవింతుము. 1721 నాటి శాసనము మన వస్త్రమును ఆపెను గాని, లండను నేతగానిని మరయంత్రమునుండి కాపాడలేకపోయెను. నేడు కృత్రిమ మేధ మన కంప్యూటరు కొలువుల గడపనే తట్టుచున్నది. పని ఒకచోట నిలువదు. పనివాని బ్రతుకు నిలువవలెను. పని పోయినవానికి ఆసరాయు, క్రొత్త విద్యయు కల్పించుట ప్రభుత్వముల ధర్మము. ఊరి భాష నేర్చి, ఊరివారి కష్టము నెరిగి మెలగుట మన ధర్మము. మన తాతలు ఒకనాడు పని వెదకికొని వచ్చినవారే. వారికి ఈ గడ్డ చోటిచ్చెను. ఆ ఋణమును మరువక, నేడు వచ్చువానిని పరాయివాడని త్రోసిపుచ్చకుందము గాక!